జిల్లా సర్కారు వకీలు నుంచి సెనేట్ దాకా: ఎవరికీ లొంగని లా ఫాలెట్

మన దగ్గర పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను ప్రభుత్వం నియమిస్తుంది. అమెరికాలో చాలా చోట్ల అలా కాదు. జిల్లాకు సర్కారు తరఫు వకీలు ఎవరో జనమే ఓటేసి తేలుస్తారు. దాని వల్ల ఒక మంచి ఉంది, ఒక చెడు ఉంది. జనం తలచుకుంటే నిజాయితీపరుణ్ణి కూర్చోబెట్టొచ్చు. కానీ టికెట్ ఇచ్చేది పార్టీ కాబట్టి, ఆ పార్టీని గుప్పిట్లో పెట్టుకున్న పెద్దమనిషి ఎవరిని వదిలేయమంటే వాళ్లను వదిలేసే వకీలు కూడా ఆ కుర్చీలోకి రావొచ్చు. 1880లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని డేన్ కౌంటీలో జరుగుతున్నది ఈ రెండోదే.

అక్కడ పార్టీ పెద్ద పేరు ఎలిషా కీస్. పైకి ఆయన హోదా మాడిసన్ పట్టణ పోస్ట్‌మాస్టర్, అంతే. కానీ రిపబ్లికన్ పార్టీలో ఆయన తల ఊపనిదే ఆకు కూడా కదలదు. జనం ఆయన్ను బాస్ అనే పిలిచేవారు. ఆ ఏడాది పాతికేళ్ల కుర్రాడొకడు, వకీలుగా పేరు నమోదై ఇంకా ఏడాది కూడా కాలేదు, జిల్లా ప్రాసిక్యూటర్ పదవికి నిలబడతానన్నాడు. కీస్ పిలిపించాడు. ఆ పదవి ఎవరికివ్వాలో ముందే నిర్ణయమైపోయిందని, నీ టైం వృథా చేసుకోకని చెప్పి పంపేశాడు. కుర్రాడు బయటికొచ్చి గుర్రపు బండి కట్టించుకుని పల్లెలకు బయల్దేరాడు. పొలాల్లో పని చేస్తున్న రైతుల దగ్గరికే వెళ్లి మాట్లాడాడు. ఆఖరికి వంద ఓట్లు కూడా లేని మెజారిటీతో గెలిచాడు.

ఆ కుర్రాడే రాబర్ట్ లా ఫాలెట్. తర్వాత లోక్‌సభ లాంటి ప్రతినిధుల సభలో మూడుసార్లు, గవర్నర్‌గా మూడుసార్లు, మన రాజ్యసభకు పోల్చదగిన, కానీ దానికంటే చాలా ఎక్కువ అధికారాలున్న సెనేట్‌లో చనిపోయేదాకా ఉన్నాడు. ఒక దశలో దేశం మొత్తం ఆయన్ను ద్రోహి అంది. ఇంకో దశలో అదే సెనేట్ తన చరిత్రలోని ఐదుగురు గొప్ప సభ్యుల్లో ఒకడిగా ఎంచుకుంది.

1855 జూన్ 14న ప్రిమ్‌రోజ్ అనే పల్లెలో, దుంగలతో కట్టిన ఇంట్లో పుట్టాడు. ఏడాది నిండకముందే తండ్రి పోయాడు. తల్లి తర్వాత మళ్లీ పెళ్లి చేసుకుంది. ఆ మారు తండ్రి వయసులో చాలా పెద్దవాడు, కఠినమైన మనిషి. పిల్లాడు ఎక్కువగా తల్లి నీడలోనే పెరిగాడు. తాను చూడని తండ్రిని ఊహించుకుంటూ, ఆయన పేరుకు మచ్చ రాకూడదని అనుకుంటూ పెరిగాడని ఆయన జీవితం రాసినవాళ్లు అంటారు. కుటుంబం 1873లో మాడిసన్ వచ్చింది. యూనివర్సిటీలో చదువుతూనే బడిలో పాఠాలు చెప్పాడు, విద్యార్థుల పత్రిక ఒకటి నడిపి ఇంటి ఖర్చులు లాక్కొచ్చాడు. మార్కులు ఓ మోస్తరు. నోరు మాత్రం గొప్పది. 1879లో పలు రాష్ట్రాల కాలేజీల వక్తృత్వ పోటీలో మొదటి బహుమతి కొట్టుకొచ్చాడు. షేక్‌స్పియర్ నాటకంలోని ఇయాగో పాత్ర మీద ఆ ప్రసంగం. నాటకాల్లో చేరాలని కూడా అనుకున్నాడట గానీ, మనిషి పొట్టి కావడంతో ఆ కోరిక వదిలేసుకున్నాడని చెబుతారు.

చదువుకునేటప్పుడే బెల్ కేస్ అనే తోటి విద్యార్థిని పరిచయమైంది. 1881 డిసెంబర్ 31న నికా... వాళ్ల పద్ధతిలో పెళ్లి జరిగింది. ఈమె గురించి ఇక్కడే చెప్పాలి, లేకపోతే ఈ కథ సగమే అవుతుంది. పెళ్లయి ఒక బిడ్డ పుట్టాక ఆమె లా కాలేజీలో చేరి 1885లో పట్టా తీసుకుంది. విస్కాన్సిన్ యూనివర్సిటీ లా కాలేజీ నుంచి పాసైన మొదటి మహిళ ఆమే. కోర్టులో ప్రాక్టీసు చేయలేదు కానీ భర్త తయారుచేసే దావాల్లో, బిల్లుల్లో, ప్రసంగాల్లో ఆమె కలం లేనిది అరుదు. ఆయన తొందరపడితే ఆపేది, వెనకాడితే ముందుకు తోసేది ఆమే.

ప్రాసిక్యూటర్ పని పెద్ద వైభవమేం కాదు. ఏడాదికి 800 డాలర్ల జీతం, ఖర్చులకు 50 డాలర్లు. అంతకుముందున్నవాళ్లు పెద్ద కేసు వచ్చిందంటే చాలు, సర్కారు డబ్బుతో బయటి వకీళ్లను సాయానికి పెట్టుకునేవాళ్లు. లా ఫాలెట్ ఆ అలవాటు మాన్పించాడు. ఏ కేసైనా తానే వాదించేవాడు. రాత్రంతా సాక్షుల దగ్గర కూర్చుని, మ్యాపులు గీసుకుని, పొద్దున కోర్టుకు పోయేవాడు. కేసుల్లో చాలావరకు దొంగతనాలు, తాగి గొడవలు, దేశదిమ్మరుల మీద ఫిర్యాదులు. వీటిలో సంస్కరణ ఏముంది అనిపించొచ్చు. కానీ ఎవరి మనిషన్నది చూడకుండా కేసు నడపడమే అక్కడ కొత్త సంగతి. పార్టీ పెద్దలు చెప్పారని ఫైలు పక్కన పడేసే ఆనవాయితీకి ఆయన ఒప్పుకోలేదు. 1882లో మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఆ జిల్లాలో రిపబ్లికన్ అభ్యర్థులంతా ఓడిపోయారు, ఈయనొక్కడే గెలిచాడు. అవతలి పార్టీ జనం కూడా ఓటేశారన్నమాట.

ఆ పేరే ఆయన్ను వాషింగ్టన్ పంపింది. 1884లో కాంగ్రెస్‌కు నిలబడినప్పుడు కీస్ మనుషులు మళ్లీ అడ్డొచ్చారు, ఈయన మళ్లీ బండి కట్టించాడు. ఇరవై తొమ్మిదేళ్లకే గెలిచాడు. 1885 డిసెంబర్‌లో సభలో అడుగుపెట్టేటప్పటికి అక్కడ అందరికంటే చిన్నవాడు.

ఆరేళ్ల ఆ సభా జీవితం గురించి త్వరగా చెప్పుకోవచ్చు. పార్టీ గీత పెద్దగా దాటలేదు. విదేశీ సరుకుల మీద సుంకాలు పెంచే 1890 నాటి మెకిన్లీ బిల్లును తయారుచేసిన కమిటీలో ఉన్నాడు, దాన్ని సమర్థించాడు. అయినా కొన్ని చోట్ల గుర్రం కళ్లెం తెంచుకుంది. నదులు, రేవుల పేరిట ఎవరి నియోజకవర్గానికి వాళ్లు డబ్బు పంచుకునే బిల్లును సభలోనే ఎండగట్టాడు. ఆదివాసీ తెగల రిజర్వేషన్ భూముల్లోని కలపను, దారులను కంపెనీలు చవగ్గా కొట్టేయడానికి తెచ్చిన బిల్లులకు అడ్డం పడ్డాడు. దక్షిణాదిలో నల్లజాతివాళ్లను ఓటు వేయనీయకుండా తరిమేస్తుంటే వాళ్లకు రక్షణగా తెచ్చిన ఫెడరల్ ఎన్నికల బిల్లును సమర్థించాడు. ఆ బిల్లు సెనేట్‌లో చచ్చిపోయింది.

1890లో ఓడిపోయాడు. ఆ ఓటమి కారణం మన పాఠకులకు ఆసక్తిగా ఉంటుంది. విస్కాన్సిన్‌లో అప్పట్లో జర్మన్లు ఎక్కువ. వాళ్ల చర్చిల కింద నడిచే బడుల్లో పాఠాలు జర్మన్‌లోనే సాగేవి. 1889లో రాష్ట్రంలోని రిపబ్లికన్ ప్రభుత్వం బెన్నెట్ చట్టం తెచ్చి, ఏ బడైనా ముఖ్యమైన పాఠాలు ఇంగ్లిషులో చెప్పాల్సిందే అంది. లూథరన్లు, క్యాథలిక్కులు ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్లు, ఈ విషయంలో మాత్రం ఒక్కటైపోయారు. ఉర్దూ మీడియం బడి మూసేస్తామంటే మన మొహల్లాల్లో ఏం జరుగుతుందో అక్కడా అదే జరిగింది. రాష్ట్రం నుంచి కాంగ్రెస్‌కు నిలబడ్డ రిపబ్లికన్లలో ఒక్కరు తప్ప అంతా కొట్టుకుపోయారు. లా ఫాలెట్‌కు ఆ చట్టంతో ఏ సంబంధమూ లేదు, అయినా మునిగాడు. ఇంటికొచ్చి మాడిసన్‌లో వకీలు బోర్డు తగిలించుకున్నాడు.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

ఆ రాష్ట్రంలో ఖజానా అధికారులకు ఒక పాత అలవాటు ఉండేది. జనం కట్టిన పన్నుల డబ్బును తమకు నచ్చిన బ్యాంకుల్లో వేసి, దాని మీద వచ్చే వడ్డీని సొంత జేబులో వేసుకునేవారు. ఏళ్ల తరబడి సాగింది. అదేదో హక్కన్నట్టే ఉండేవారు. 1890లో గెలిచిన డెమొక్రాట్లు పాత అధికారుల మీద దావా వేశారు, వడ్డీ మొత్తం కక్కమని. ఆ అధికారులకు జామీను నిలబడ్డ పెద్దల్లో ముఖ్యుడు ఫిలెటస్ సాయర్. కలప వ్యాపారంలో కోట్లు గడించినవాడు, సెనేటర్, రాష్ట్ర రిపబ్లికన్ పార్టీకి అసలు యజమాని. కుర్ర ఎంపీగా వాషింగ్టన్ వెళ్లిన లా ఫాలెట్‌ను చెయ్యి పట్టుకుని పెద్దవాళ్లకు పరిచయం చేసింది కూడా ఈయనే. దావా ఓడిపోతే ఆ భారం సాయర్ మీద పడుతుంది. దావా విచారిస్తున్న జడ్జి రాబర్ట్ సీబెకర్. ఆ జడ్జి లా ఫాలెట్‌కు స్వయానా బావ, అక్క భర్త.

1891 సెప్టెంబర్ 17న సాయర్ కబురుపెట్టి మిల్వాకీ నగరంలోని ప్లాంకింటన్ హౌస్ అనే హోటల్‌కు లా ఫాలెట్‌ను పిలిపించాడు. ఒక పక్కకు తీసుకెళ్లి మాట్లాడాడు. లా ఫాలెట్ చెప్పిన ప్రకారం, సాయర్ డబ్బు తీసి, సీబెకర్ ఎలా తీర్పు ఇస్తే బాగుంటుందో సూచించి, తీర్పు అలా వస్తే ఇంకా ఇస్తానన్నాడు. సాయర్ చెప్పింది వేరు. తాను వకీలు ఫీజు ఇవ్వబోయానని, జడ్జి ఈయన బావ అన్న సంగతే తనకు తెలియదని అన్నాడు. గదిలో ఉన్నది ఇద్దరే. సాక్షి లేడు. ఎవరు చెప్పింది నిజమో కోర్టులో తేలలేదు, ఎప్పటికీ తేలదు. కానీ పార్టీలో అంత పాతుకుపోయిన రాజకీయ యజమానికి ఆ బంధుత్వం తెలియదంటే నమ్మడం కష్టమే.

లా ఫాలెట్ ముందు ఎలా నడుచుకోవాలో తోచక సతమతమయ్యాడు. చివరికి బావకు చెప్పేశాడు. సీబెకర్ ఆ కేసు నుంచి తప్పుకున్నాడు. ఒక జడ్జి హఠాత్తుగా తప్పుకుంటే గుసగుసలు ఆగుతాయా? అక్టోబర్‌లో పత్రికల్లో పుకార్లు రాగానే సాయర్ తన వైపు కథ అచ్చేయించాడు. దానికి జవాబుగా లా ఫాలెట్ తన వైపు కథ మొత్తం బయటపెట్టాడు.

ఫలితం వెంటనే కనిపించింది. నిన్నటిదాకా ఇంటికొచ్చినవాళ్లు వీధిలో మొహం తిప్పుకున్నారు. పార్టీ పత్రికలు దుమ్మెత్తిపోశాయి. బెదిరింపు ఉత్తరాలొచ్చాయి. పార్టీకి ద్రోహం చేశాడన్నారు. ఇక్కడ ఒకటి గమనించాలి. లంచం అడగడమూ తీసుకోవడమూ అంత పెద్ద నేరంగా ఎవరికీ కనిపించలేదు, ఆ మాట బయటికి చెప్పడమే నేరమైపోయింది. ఇది అమెరికాకే పరిమితమైన జబ్బు కాదు. తర్వాత దావాలో రాష్ట్రమే గెలిచింది, వడ్డీ సొమ్ము ఖజానాకు తిరిగొచ్చింది. కానీ దానితో లా ఫాలెట్‌కు పోయిన స్నేహితులు తిరిగి రాలేదు.

ఆ రోజు వరకు ఆయన అక్కడో ఇక్కడో తిరగబడే మామూలు పార్టీ మనిషి. ఆ హోటల్ తర్వాత ఆయనకు ఒకటే పట్టింది. ఒక సెనేటర్ జడ్జిని కొనొచ్చని అనుకున్నాడంటే, అతనికా ధైర్యం ఎక్కడిది? అభ్యర్థులను నిలబెట్టేది వాళ్లే కాబట్టి. రైలు కంపెనీలు, కలప వ్యాపారులు డబ్బిస్తారు, పార్టీ పెద్దలు ఆ డబ్బుతో ప్రతినిధులను కొంటారు, ఆ ప్రతినిధులు సమావేశంలో చెయ్యెత్తి అభ్యర్థిని తేలుస్తారు. ఓటరు చేతికి వచ్చేసరికి మిగిలేది వాళ్లు ఏరిపెట్టిన ఇద్దరిలో ఒకణ్ణి ఎంచుకోవడమే.

1896లో గవర్నర్ టికెట్‌కు ప్రయత్నించినప్పుడు ఇది ఆయనకు స్వయంగా అనుభవమైంది. సమావేశం ముందు రోజు సాయంత్రం దాకా లెక్క ఆయన వైపే ఉంది. తెల్లారేసరికి ప్రతినిధులు జారిపోయారు. రాత్రికి రాత్రి డబ్బు చేతులు మారిందని ఆయన మనుషులే వచ్చి చెప్పారు. ఏడ్చుకుంటూ కూర్చోలేదు. మరుసటి ఏడాది చికాగో యూనివర్సిటీలో మాట్లాడుతూ, అభ్యర్థిని కూడా ఓటర్లే నేరుగా రహస్య ఓటుతో తేల్చాలి అనే ఆలోచనను ముందుపెట్టాడు. దాన్ని ప్రైమరీ అంటారు. ఆ తర్వాత రైతుల జాతరలన్నీ తిరిగాడు. గుమ్మడికాయలూ, పశువులూ పెట్టే ఆ సంతల్లో రైల్వే పన్నుల లెక్కలు చదివి వినిపించేవాడు. జనం విసుక్కుంటారనుకుంటే, నిలబడి వినేవారు. ఒక రైతు తన పొలానికి ఎంత పన్ను కడుతున్నాడో, రైలు కంపెనీ తన ఆస్తికి ఎంత కడుతోందో పక్కపక్కన పెడితే ఎవరికైనా అర్థమవుతుంది. 1898లో మళ్లీ ఓటమి. 1900లో గెలుపు. విస్కాన్సిన్‌లో పుట్టి విస్కాన్సిన్‌కు గవర్నరైన మొదటివాడు ఆయనే.

గవర్నరయ్యాడు సరే, శాసనసభ ఆయన చేతిలో లేదు. బిల్లులన్నీ రెండేళ్లు తొక్కిపెట్టారు. అప్పుడాయన ఒక చిత్రమైన పని మొదలుపెట్టాడు. ఊరూరా తిరిగి, ఆ ఊరి శాసనసభ్యుడు ఏ బిల్లుకు ఎలా ఓటేశాడో సభ రికార్డు తెచ్చి పేరుపేరునా చదివేవాడు. వ్యాఖ్యానం కూడా ఎక్కువ ఉండేది కాదు. ఈ చదువుడు దెబ్బకు చాలామంది ఇంటిదారి పట్టారు. 1903లో రైల్వేలు తమ ఆస్తి విలువ మీద పన్ను కట్టాలనే చట్టం వచ్చింది. 1904లో ప్రైమరీ చట్టాన్ని జనమే ఓటుతో ఆమోదించారు. 1905లో రైలు ఛార్జీల మీద కన్నేసే కమిషన్, ఉద్యోగాలు పరీక్షల ద్వారా ఇచ్చే చట్టం. యూనివర్సిటీ ప్రొఫెసర్లను పిలిపించి చట్టాల రాతలో కూర్చోబెట్టాడు. చదువు నాలుగు గోడల మధ్య ఉండకూడదు, రాష్ట్రం పొలిమేర దాకా పోవాలన్న ఈ పద్ధతికి విస్కాన్సిన్ ఆలోచన అనే పేరొచ్చింది.

అయితే ఆయన్ను ఫరిష్తాగా చూపించడం అబద్ధమవుతుంది. పాత ముఠాను కూల్చడానికి తనదీ ఒక ముఠా కట్టుకున్నాడు. వేట చట్టాలు అమలుచేసే ప్రభుత్వ వార్డెన్లు ఊళ్లలో ఆయన రాజకీయ కార్యకర్తలుగా తిరిగారన్న విమర్శలో నిజముంది. తనతో ఏకీభవించనివాణ్ణి అమ్ముడుపోయినవాడిగానే అనుమానించేవాడు. రాజీ అన్న మాట ఆయనకు గిట్టదు. సగం రొట్టె దొరుకుతుంటే తీసుకుంటే పోయేది కదా అని స్నేహితులే అనేవారు. సగం తింటే ఆకలి చచ్చిపోయి మిగతా సగం ఎవరూ అడగరన్నది ఆయన వాదన.

1905 జనవరిలో రాష్ట్ర శాసనసభ ఆయన్ను సెనేట్‌కు ఎన్నుకుంది. అప్పటికి సెనేటర్లను జనం నేరుగా ఎన్నుకునే పద్ధతి లేదు. రైల్వే చట్టం పని పూర్తిచేసుకుని ఏడాది తర్వాతగానీ కదల్లేదు. 1906 జనవరిలో సెనేట్‌లో కూర్చున్నాడు. పెద్దలు ఆయనకు ఇచ్చిన కమిటీల్లో ఒకటి పొటోమాక్ నది ఒడ్డు పరిస్థితిని విచారించే కమిటీ. దాని ముందుకు ఒక్క బిల్లూ వచ్చిన దాఖలా లేదు.

కొత్త సభ్యుడు మొదటి ఏడాది నోరు మూసుకుని కూర్చోవాలన్నది సెనేట్ మర్యాద. ఈయన ఏప్రిల్‌లోనే లేచాడు. రైల్వే ఛార్జీల హెప్‌బర్న్ బిల్లు చర్చలో ఉంది. రైలు మార్గాల అసలు విలువ లెక్కగట్టకుండా న్యాయమైన ఛార్జీ ఎలా తేలుస్తారని మొదలుపెట్టాడు. సభ్యులు ఒక్కొక్కరే లేచి బయటికెళ్లారు. మర్యాద తప్పినవాడికి గుణపాఠమన్నమాట. ఖాళీ కుర్చీల వైపు చూసి ఆయన, ఈ విషయం తేలకపోతే ఇప్పుడు కాసేపు ఖాళీ అయిన ఈ కుర్చీలు తర్వాత శాశ్వతంగా ఖాళీ అవుతాయని అన్నాడు. గ్యాలరీలోని జనం చప్పట్లు కొట్టారు. ఆ వేసవిలో మళ్లీ పాత మందే వాడాడు. పలు రాష్ట్రాలు తిరిగి, అక్కడి సెనేటర్లు ఎలా ఓటేశారో చదివాడు. రైలు ఆస్తుల విలువ లెక్కించే చట్టం 1913లో వచ్చింది. ఆయన అడిగిన ఏడేళ్లకు.

1908 మేలో బ్యాంకులకు మేలుచేసే కరెన్సీ బిల్లును ఆపడానికి పద్దెనిమిది గంటల ఇరవై మూడు నిమిషాల పాటు మాట్లాడాడు. నలభై ఐదేళ్లు ఆ రికార్డు ఎవరూ దాటలేదు. రాత్రి గొంతు ఎండి, సెనేట్ క్యాంటీన్ నుంచి గుడ్లు కలిపిన పాలు తెప్పించుకున్నాడు. ఒక గుక్క తాగి చేదుగా ఉందని వెనక్కి పంపాడు. పరీక్ష చేయిస్తే అందులో విషం తేలింది. పాడైపోయిన గుడ్లా, ఎవరైనా కలిపారా అన్నది తేలలేదు. కడుపునొప్పితోనే మాట్లాడుతూ పోయాడు. బిల్లు మాత్రం పాసైంది.

1909లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఒక వారపత్రిక పెట్టారు. డబ్బు ఎప్పుడూ చాలేది కాదు, ఊళ్లూ తిరిగి ఉపన్యాసాలిచ్చి వచ్చిన ఫీజు అందులో పోసేవాడు. ఆ పత్రికలోనే 1913, 1914 ప్రాంతంలో బెల్, విల్సన్ ప్రభుత్వం కేంద్ర ఆఫీసుల్లో నల్లజాతి ఉద్యోగులను వేరుగా కూర్చోబెట్టడం మీద వరుసగా రాసింది. తెల్లవాళ్ల పత్రికల్లో ఆ మాట అంత గట్టిగా అన్నవాళ్లు తక్కువ.

1912లో అధ్యక్ష పదవికి ప్రయత్నించి దెబ్బతిన్నాడు. ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో పత్రికల యజమానుల విందులో, అలసిపోయి ఉన్నాడు, కూతురికి ఆపరేషన్ దగ్గరపడి మనసు అక్కడుంది, రాత్రి పొద్దుపోయాక లేచి పత్రికలనే తిడుతూ, చెప్పిందే చెబుతూ చాలాసేపు మాట్లాడాడు. మద్దతుదారులు ఆ మర్నాటి నుంచే థియోడర్ రూజ్‌వెల్ట్ వైపు జరిగిపోయారు. రూజ్‌వెల్ట్‌ను ఆయన ఎన్నటికీ క్షమించలేదు. అది ఆయనలోని చిన్నతనమే.

1915లో వచ్చిన నావికుల చట్టం ఆయన చేసినవాటిలో బహుశా అన్నిటికంటే మంచిది. అంతవరకు ఓడ పని మధ్యలో వదిలేసిన నావికుణ్ణి పట్టుకుని జైల్లో పెట్టొచ్చు. అంటే కూలి కాదు, బానిస. నార్వే నుంచి వచ్చిన ఆండ్రూ ఫురుసెత్ అనే పాత నావికుడు ఇరవై ఏళ్లుగా సెనేటర్ల గుమ్మాలు తొక్కుతున్నాడు. వినేవాడు లేడు. లా ఫాలెట్ విన్నాడు. 1912లో టైటానిక్ మునిగాక ప్రాణరక్షణ పడవల సంగతి కూడా అందులో చేరింది. జైలు శిక్ష పోయింది.

ఇక 1917. ప్రపంచ యుద్ధంలోకి దిగాలని అధ్యక్షుడు విల్సన్ నిశ్చయించుకున్నాడు. మార్చిలో వాణిజ్య ఓడలకు ఫిరంగులు బిగించే బిల్లును లా ఫాలెట్, మరికొందరు కలిసి సమయం అయిపోయేదాకా ఆపేశారు. విల్సన్ వాళ్లను దేశం పరువు తీసిన మొండి గుంపుగా చూపించి దేశమంతా ప్రకటన ఇచ్చాడు. ఏప్రిల్ 4న యుద్ధ తీర్మానం సెనేట్ ముందుకొచ్చింది. లా ఫాలెట్ దాదాపు నాలుగు గంటలు మాట్లాడాడు. జర్మనీ తప్పు చేసింది నిజమే, బ్రిటన్ కూడా సముద్ర చట్టాలు తుంగలో తొక్కింది కదా, ఒకరిని వదిలి ఒకరి మీదికి వెళ్లడం తటస్థత ఎలా అవుతుందన్నాడు. చావబోయేది పేదల పిల్లలు, వాళ్లను అడిగేవాడు లేడన్నాడు. ఓటింగ్‌లో 82 మంది యుద్ధం కావాలన్నారు, వద్దన్నది 6 మంది. బయటికొస్తుంటే ఒకరెవరో ఉరితాడు చేతికిచ్చారని చెబుతారు.

ఆ తర్వాతి ఏడాదిన్నర నరకం. సెప్టెంబర్‌లో సెయింట్ పాల్ నగరంలో రైతుల సభలో మాట్లాడాడు. జర్మనీ మీద మనకు ఫిర్యాదులున్నాయి, కానీ యుద్ధానికి సరిపడేవి కావన్నది ఆయన మాట. అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ దాన్ని తలకిందులు చేసి, ఏ ఫిర్యాదూ లేదన్నాడని దేశమంతా పంపింది. ఒక్క మాట మారింది. మనిషి శత్రువైపోయాడు. దిష్టిబొమ్మలు తగలబెట్టారు. సెనేట్ నుంచి వెళ్లగొట్టాలని అర్జీలొచ్చిపడ్డాయి, విచారణ కమిటీ కూర్చుంది. అక్టోబర్ 6న ఆయన సెనేట్‌లో సుమారు మూడు గంటలు సమాధానమిచ్చాడు. సొంత గోడు తక్కువ. యుద్ధం వచ్చినప్పుడే పౌరుడికి మాట్లాడే హక్కు ఎక్కువ అవసరమని, పాత యుద్ధాల కాలంలో పెద్ద పెద్ద నాయకులు ప్రభుత్వాన్ని ఎలా విమర్శించారో చరిత్ర తీసి చూపించాడు.

బయటివాళ్లు తిట్టడం ఒక ఎత్తు. 1918 మొదట్లో తాను చదివిన యూనివర్సిటీ నుంచి, నాలుగు వందల మందికి పైగా అధ్యాపకులు ఆయన్ను ఖండిస్తూ సంతకాలు చేశారు. వాళ్లలో ఆ యూనివర్సిటీ అధిపతి చార్లెస్ వాన్ హైస్ ఒకడు. ఒకే బెంచీ మీద చదువుకున్న దోస్తు. ఆ రోజుల్లోనే పెద్ద కొడుకు ప్రాణం మీదికొచ్చే జబ్బుతో పడుకున్నాడు. నెలల తరబడి సెనేట్‌కు వెళ్లకుండా కొడుకు మంచం పక్కనే ఉన్నాడు.

1918 మేలో అసోసియేటెడ్ ప్రెస్ తప్పు రాశామని ఒప్పుకుంది. తిట్టు వచ్చినంత పెద్ద అక్షరాల్లో దిద్దుబాటు ఎప్పుడూ రాదు కదా. 1919 జనవరిలో, యుద్ధం అయిపోయాక, సెనేట్ 50-21 ఓట్లతో ఆ కేసు కొట్టేసింది. కొత్త సభలో రిపబ్లికన్ల మెజారిటీ ఒకటి రెండు ఓట్ల మీద వేలాడుతోంది, ఆయన ఓటు అవసరం పడింది. ఇన్సాఫ్ కొంత, లెక్క కొంత.

1922లో విస్కాన్సిన్ జనం ఆయన్ను భారీ మెజారిటీతో మళ్లీ గెలిపించారు. అదే ఏడాది ఏప్రిల్‌లో, నౌకాదళం కోసం దాచిన చమురు భూములను మంత్రి ఆల్బర్ట్ ఫాల్ రహస్యంగా కంపెనీలకు రాసిచ్చిన వ్యవహారం మీద విచారణ జరపాలని తీర్మానం పెట్టింది లా ఫాలెటే. తవ్వి తీసింది మాంటానా సెనేటర్ థామస్ వాల్ష్. చివరికి ఫాల్ లంచం కేసులో జైలుకెళ్లాడు. పదవిలో చేసిన నేరానికి జైలుకెళ్లిన మొదటి అమెరికా కేంద్ర మంత్రి ఆయన.

1924లో అరవై తొమ్మిదేళ్ల వయసులో, రెండు పెద్ద పార్టీలనూ కాదని అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. ఉపాధ్యక్ష అభ్యర్థి బర్టన్ వీలర్. ఈయనా ప్రాసిక్యూటరే. యుద్ధకాలంలో మాంటానాలో కేంద్ర ప్రభుత్వ వకీలుగా ఉండి, నోరు జారినవాళ్ల మీద దేశద్రోహం కేసులు పెట్టడానికి ఒప్పుకోనివాడు. అప్పుడు కూ క్లక్స్ క్లాన్ మంచి ఊపు మీద ఉంది. నల్లవాళ్లు, యూదులు, క్యాథలిక్కులు, వలస వచ్చినవాళ్లు, అందరి మీదా దాని పగ. పార్టీలు దాని పేరెత్తడానికి భయపడుతుంటే ఆగస్టులో లా ఫాలెట్ పేరుపెట్టి దాన్ని వ్యతిరేకించాడు. ఎన్నికలో 48 లక్షల ఓట్లు వచ్చాయి, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు. గెలిచింది మాత్రం విస్కాన్సిన్ ఒక్కటే. ఆ ప్రచారం ఆయన గుండెను తినేసింది. 1925 జూన్ 18న, డెబ్భై నిండిన నాలుగు రోజులకు, వాషింగ్టన్‌లో పోయాడు. మాడిసన్‌లో ఖననం చేశారు.

ఆయన కుర్చీలో కూర్చోమని బెల్‌ను అడిగారు. ఒప్పుకోలేదు. పెద్ద కొడుకు రాబర్ట్, తండ్రి పక్కనుండి ప్రాణంతో దక్కించుకున్న ఆ కొడుకే, ముప్ఫై ఏళ్లకు సెనేటరయ్యాడు. చిన్న కొడుకు ఫిలిప్ గవర్నరయ్యాడు. పత్రిక 1929 నుంచి ది ప్రోగ్రెసివ్ అనే పేరుతో కొనసాగింది. 1957లో, సెనేట్ చరిత్రలో ఐదుగురు గొప్ప సభ్యులను జాన్ కెన్నెడీ అధ్యక్షతన ఉన్న ఒక కమిటీ ఎంచింది. హెన్రీ క్లే, వెబ్‌స్టర్, కాల్హూన్, టాఫ్ట్‌లతో పాటు లా ఫాలెట్ పేరు అందులో వచ్చింది. సెనేట్ రిసెప్షన్ గదిలో ఆయన చిత్రం ఇప్పటికీ ఉంది.

కొడుకు రాబర్ట్ 1946లో ఓడిపోయాడు. ఓడించింది జోసెఫ్ మెకార్తీ, తర్వాత దేశంలో కనిపించినవాడినల్లా ద్రోహి అన్న మనిషి. ఓడింది రిపబ్లికన్ ప్రైమరీలో, పార్టీ పెద్దల చేతి నుంచి టికెట్ లాగేసి ఓటరుకు ఇవ్వడానికి తండ్రి తెచ్చిన చట్టం కిందే.